కదిలిన ఎలుక లెక్క చెల్లదు

"...కాలరు గుండీ పెట్టుకుని ఉన్నానని చెప్తున్నాను కదమ్మా, ఆ లెక్క చెల్లదు."

"గుండీ ఉన్నది మెడ దగ్గర. నేను కొలిచింది కంట్లో."

"నేననేదీ అదే. మెడ నొక్కుకుంటే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. ఇరవై ఆరేళ్ళ నుంచి చూస్తున్నా."

"ఎవరి మెడ?"

"ఎలక మెడ."

నర్సు పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. వరసలో ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు. కంటి పరిశోధన భవనంలో ఏటా ఒకసారి సిబ్బంది కళ్ళు కూడా చూస్తారు. అందుకోసం క్యాంటీన్‌లో రెండు బల్లలు ఖాళీ చేయించారు.

"చూడండి, మీరు ఎలక కాదు," అంది నర్సు.

"అయ్యుంటే ఈపాటికి ఎవరో ఒకరు సరిగ్గా పట్టుకునేవాళ్ళు," అన్నాడాయన, గుండీ విప్పుకుంటూ.

నర్సు రెండోసారి కొలవలేదు. కుడి కన్ను ఇరవై రెండు, ఎడమ కన్ను ముప్పై ఒకటి అని రాసింది. ఇరవై ఒకటి దాటితే మామూలు కాదని ఆమె వెనక గోడ మీద అతికించిన కాగితమే చెబుతోంది. కింద 'డాక్టరుగారిని కలవాలి' అని రాసి, ఆ మాటల కింద గీత గీసి ఇచ్చింది. ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. కింది అంతస్తుకి దిగేసరికి ఎనిమిది మడతలైంది. ఎలుకల గదిలో కొలతల బల్లకి ఒక కాలు పొట్టి. కాగితం దాని కిందికి అతికినట్టు సరిపోయింది.

కింది అంతస్తులోనూ, పై మూడు అంతస్తుల్లోనూ ఆయన అందరికీ బాబాయి. చదువు ఎనిమిదో తరగతి. మొదట ఈ భవనానికి గేటు కాపలాకి వచ్చాడు. మూడో వారంలో ఒక తెల్ల ఎలుక తప్పించుకుని మెట్ల దాకా వచ్చింది. నలుగురు పెద్ద చదువుల వాళ్ళు కుర్చీలెక్కి నిలబడి ఒకరికొకరు సలహాలిచ్చుకుంటున్నారు. బాబాయి తన టోపీ తీసి నేల మీద బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టి, పక్కన చతికిలబడి, వేరే వైపు చూస్తూ కూర్చున్నాడు. పావుగంటకి ఎలుక తనంతట తనే వచ్చి టోపీలో ముడుచుకుని పడుకుంది. మర్నాటి నుంచి ఆయన పని లోపలే. టోపీ మళ్ళీ తలకెక్కలేదు. ఎలుక దాన్ని తిరిగి ఇవ్వలేదు.

పై అంతస్తుల వాళ్ళు చేసే పనిని బాబాయి చూడవచ్చిన వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పేవాడు.

"సింకు గొట్టంలో జుట్టు ఇరుక్కుంటుంది చూడండి, అట్లా. కంట్లో నీరు ఊరుతూ ఉంటుంది, పోతూ ఉంటుంది. వీళ్ళు ఎలక ఒక కంట్లో ఇసక కన్నా సన్నటి పూసలు ఎక్కిస్తారు. పూసలు వెళ్ళి గొట్టానికి అడ్డం పడతాయి. పంపు మాత్రం కట్టలేదు. నీళ్ళెటు పోతాయి?"

"కన్ను పగులుతుందా?" అని అడిగేవాళ్ళు, మొహం చిట్లించి.

"పగలదు. అదే చిక్కు. పగిలితే తెలిసేది. ఇందులో నొప్పి కూడా ఉండదు. వెనకాల నరం మొదలు దగ్గర నలుగుతూ ఉంటుంది. ముందు నరం పోగులు తెగుతాయి, తర్వాత వాటి తాలూకు కణాలు వాడిపోతాయి. ఎలక మాత్రం ఇక్కడ గింజలు తింటూ ఉంటుంది."

రెండో కంటిని ఏమీ చెయ్యరు, పోల్చి చూడడానికి. రోజూ పొద్దున పదింటికి రెండు కళ్ళలోనూ ఒత్తిడి కొలుస్తారు. పెన్నులాంటి యంత్రం ఉంటుంది. దాని చివర వెంట్రుకంత సూది కంటిని ఆరుసార్లు తాకీ తాకనట్టు తాకుతుంది. తాకించేవాళ్ళు మారుతూ ఉంటారు, చదువులు ముగించుకుని వెళ్ళిపోతారు. పట్టుకునేది మాత్రం బాబాయే. తువ్వాలు వదులుగా చుట్టి, చూపుడువేలు గడ్డం కింద పెట్టి, మెడ జోలికి పోకుండా పట్టుకుంటాడు. పట్టుకుని గొంతులో సన్నగా ఒక రాగం తీస్తాడు. అది ఏ పాటో కనుక్కోవాలని పై అంతస్తుల వాళ్ళు చాలా ప్రయత్నించారు. పాట కాదు. ఇంట్లో భార్య కుట్టుమిషను చప్పుడు. అది వింటే తనకి నిద్ర వస్తుంది కాబట్టి ఎలుకలకీ వస్తుందని మొదటి రోజే అనుకున్నాడు. వచ్చింది.

ఆ గదికి ఒకే ఒక్క చట్టం. కొలిచేటప్పుడు ఎలుక కదిలినా, బిగుసుకున్నా, వేళ తప్పినా ఆ లెక్క చెల్లదు. రిజిస్టరులో ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన 'కదిలింది' అని రాయాలి. వేరేవాళ్ళ చేతుల్లో పది లెక్కల్లో నాలుగు ఎర్రబడేవి. బాబాయి చేతుల్లో ఏడాదికి ఒకటి ఎర్రబడితే ఆ వారమంతా ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడేవాడు కాదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఏడెనిమిది వారాలకి ఒక బ్యాచ్ పూర్తవుతుంది. ఆ రోజు ఎలుకలని పైకి తీసుకువెళతారు. కళ్ళు తీసి, రెటీనాని నాలుగు రేకులుగా విప్పి, గాజు పలక మీద పరిచి, నరాల కణాలు ఎన్ని మిగిలాయో లెక్కపెడతారు. ఆ రోజు బాబాయి సెలవు పెట్టి క్షౌరానికి వెళతాడు. ఆయన జుట్టు చూస్తే బ్యాచ్ ఎన్నో వారంలో ఉందో చెప్పవచ్చు.

కొలతలు తీసే అమ్మాయి ఐదేళ్ళుగా ఒకే థీసిస్ రాస్తోంది. భవనంలో ఆమెని 'ఐదో ఏడు' అంటారు. నిరుడు 'నాలుగో ఏడు' అన్నారు. క్యాంటీన్ గొడవ ఆమె చెవిన పడి, మర్నాడు పైనుంచి మనుషుల కళ్ళకి వాడే ఒత్తిడి పెన్ను పట్టుకొచ్చింది.

"కాలరు విప్పే ఉంది కదా బాబాయ్. కూర్చోండి."

ఎడమ కన్ను ముప్పై వచ్చింది.

"ఊపిరి బిగబట్టాను," అన్నాడు బాబాయి. "కొట్టెయ్."

ఐదో ఏడు కొట్టేసింది. ఆ చట్టాన్ని ఆమెకి నేర్పింది ఆయనే. రెండు రోజుల తర్వాత మళ్ళీ కొలిచింది. ముప్పై రెండు.

"టైమెంతైంది?"

"రెండు."

"మనం తీసేది పదింటికి. వేళ తప్పితే లెక్క తప్పు. ఐదేళ్ళ నుంచి ఏం చదువుతున్నావమ్మాయ్ నువ్వు?"

రిజిస్టరు చివరి పేజీలో ముప్పై ఒకటి, ముప్పై, ముప్పై రెండు, మూడూ ఎర్రగా కొట్టేసి ఉన్నాయి. మూడింటి పక్కనా 'కదిలింది' అని ఉంది. బాబాయి అక్షరాలే.

తర్వాతి మంగళవారం ఇరవై ఏడో నంబరు ఎలుక వంతు వచ్చింది. దానికి పూసలెక్కించింది ఎడమ కంట్లో. కొలత అయిపోయింది. బాబాయి తువ్వాలు విప్పి, దాన్ని బల్ల మీద తన ఎడమ చేతి పక్కన వదిలి, కుడివైపున్న రిజిస్టరు మీదికి వంగాడు. అలా వదలడం ఆయనకి అలవాటే. కదలకుండా కూర్చోవడం ఎలుకలకి అలవాటే. రాయడం పూర్తయ్యేసరికి బల్ల ఖాళీగా ఉంది.

"ఇరవై ఏడు ఏది?"

ఐదో ఏడు ఆయన వేళాకోళం ఆడుతున్నాడనుకుంది.

"ఏదేంటి బాబాయ్? ఇప్పుడేగా మీ మోచెయ్యి దాటుకుంటూ వెళ్ళింది."

"నా మోచెయ్యా?"

"మోచేతి మీద ఒక కాలు కూడా వేసింది. మీరు ఊరుకుంటే, కావాలనే వదిలారనుకున్నా."

చెత్తబుట్టలో అలికిడైంది. ఇరవై ఏడు వాడేసిన దూదిలో కూర్చుని మీసాలు తుడుచుకుంటోంది. దానికేం కాలేదు. బాబాయి దాన్ని రెండు చేతులతో ఎత్తి, ముందు వెనకలు చూసి, గూట్లో పెట్టి, గడియ వేసి, వేసిన గడియని మళ్ళీ లాగి చూశాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన బల్ల మీంచి ఎలుక పడడం ఇదే మొదలు.

"దానికి ఎడమ కన్ను పాడైన కన్ను," అన్నాడు చివరికి. "అంచు కనబడక పడింది, పాపం."

"పడలేదు బాబాయ్. నడుచుకుంటూ వెళ్ళింది. అంచు దగ్గర ఆగింది. కింద దూది ఉందని చూసుకుని మరీ దూకింది." ఐదో ఏడు గొంతు తగ్గించింది. "దానికి అన్నీ కనబడ్డాయి. మీకెందుకు కనబడలేదు?"

"నేను రిజిస్టరు చూస్తున్నా," అన్నాడు బాబాయి.

ఇంట్లో రోజూ సాయంత్రం ఎలుకల కబుర్లు చెప్పడం ఆయనకి అలవాటు. ముందు గదిలో భార్య కుట్టుమిషను దగ్గర కూర్చుని పాత బట్టలకి కొత్త కొలతలు పెడుతూ ఉంటుంది. ఆమె చెల్లెలు అదే ఇంట్లో ఉంటుంది, బస్సులో కండక్టరు. టిక్కెట్లు కొట్టి కొట్టి వచ్చి, గుమ్మం దగ్గర బూట్లు విప్పుకుంటూ వింటుంది. ఇద్దరూ ఏ డిగ్రీ లేకుండానే ఆ ప్రయోగాలన్నీ వంటబట్టించుకున్నారు. ఆ రోజు బాబాయి ఇరవై ఏడు సంగతి తమాషాగా చెప్పాడు. అది మీసాలు తుడుచుకున్న తీరు చేసి కూడా చూపించాడు. మరదలు నవ్వింది. భార్య మిషను ఆపింది.

"ఏ పక్క నుంచి వెళ్ళిందన్నారు?"

"ఎడమ."

ఆమె లేచి లోపలికి వెళ్ళి ఆయన చొక్కాలు ఐదూ తెచ్చి మంచం మీద వరసగా పరిచింది.

"ఇది మొన్న వేసిన మాసిక. ఇది పోయిన నెలది. ఇది రెండుసార్లు వేసింది. అన్నీ ఎడమ భుజమే. నేనింకా బట్ట నాసిరకమనుకుని కొట్టువాడిని తిట్టిపోస్తున్నా."

"ఆ తలుపు గడియ బయటికి పొడుచుకొచ్చింది. తగులుతుంది."

"పోయేటప్పుడు ఎడమ పక్కనుంటే వచ్చేటప్పుడు కుడి పక్కనుంటుంది కదండీ గడియ. కుడి భుజానికి తగలదేం?"

"సూదిలో దారం ఎక్కించమను, ఇప్పుడే ఎక్కిస్తా," అన్నాడు బాబాయి. నిజంగానే తీసుకుని ఒక్క గురికి ఎక్కించి చూపించాడు. "చూశావా? కళ్ళు పోయినవాడు చేసే పనేనా ఇది?"

"ఎదురుగా ఉన్నది చివరి దాకా కనబడుతుందనీ, పక్కలే ముందు పోతాయనీ ఈ ఇంట్లో చెప్పిందెవరు?" అంది భార్య. "అన్నం తింటున్నప్పుడు చెప్పారు. నాకు ఆ రోజు కూర కూడా గుర్తుంది."

"బావా," అంది మరదలు, "టిక్కెట్టు కొనకుండా కిటికీలోంచి బయటికి చూసే మొహాలని ఇరవై ఏళ్ళ నుంచి చూస్తున్నా. నీది సరిగ్గా ఆ మొహమే."

పై అంతస్తులో ఒక పరీక్ష ఉంది. చారల పీపా మధ్యలో ఎలుకని కూర్చోబెట్టి పీపాని తిప్పుతారు. చారలు కనబడిన ఎలుక వాటి వెంట తల తిప్పుతుంది. కనబడనిది తిప్పదు. పీపా సంగతి ఇంట్లో చెప్పింది కూడా బాబాయే. భార్య మంచం మీది నీలం చారల దుప్పటి లాగింది. ఆయన్ని గది మధ్యలో స్టూలు మీద కూర్చోబెట్టి, కుడి కంటికి చేతిగుడ్డ కట్టి, ఎదురుగా మిషను చక్రం వైపే చూడమంది. అక్కచెల్లెళ్ళు చెరో కొస పట్టుకుని ఆయన చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

బాబాయి వాళ్ళు ఎటుంటే అటు తల తిప్పాడు.

"కనబడుతోందా?"

"బ్రహ్మాండంగా."

"చెప్పుల చప్పుడు విని తిప్పుతున్నాడక్కా," అంది మరదలు. "ఎలక తెలివంతా వచ్చేసింది."

ఇద్దరూ చెప్పులు విప్పేశారు. ఈసారి తల తిప్పకూడదన్నారు. దుప్పటి కనబడగానే 'వచ్చింది' అనాలి. అంతే. వెనక నుంచి ఎడమవైపుగా, అడుగు చప్పుడు కాకుండా బయలుదేరారు. భుజం దగ్గరికొచ్చారు. భుజం దాటారు. చెవి పక్కన ఆగారు. దుప్పటి ఆయనకి జానెడు దూరంలో ఉంది. మరదలు ఇంకా కొంచెం ముందుకి జరిగి, చెంప పక్కన నిలబడి, నాలుక బయటపెట్టి, రెండు చెవులూ పట్టుకుని ఊపింది.

బాబాయి మిషను చక్రాన్నే చూస్తున్నాడు.

"ఏం, ఇంకా మొదలుపెట్టరా?" అన్నాడు.

మరదలు నాలుక లోపలికి తీసుకుంది. చెవులు వదిలేసింది. భార్య దుప్పటిని మడిచి, మడతల మీద మళ్ళీ మడిచి, ఒళ్ళో పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. బాబాయి కంటికి కట్టిన గుడ్డ తనే విప్పుకుని వాళ్ళ మొహాలు చూశాడు.

"ఆ దుప్పటి వెలిసిపోయింది," అన్నాడు.

చేతిగుడ్డని నాలుగు మడతలు పెట్టాడు.

"లెక్క నిజమైతే ఏం చెయ్యను?" అన్నాడు. "గాజు పలక మీద చూశాను నేను. మంచి కన్ను ఆవాలు ఒలికినట్టుంటుంది. రెండోదాంట్లో ఎవరో ఏరుకుపోయినట్టుంటుంది. పోయినవి మళ్ళీ రావు. ఏ మందుకీ రావు. పక్కన పోయే ఎలక కనబడనివాడి చేతికి ఎలకనెవరిస్తారు?"

"ఉన్నవి ఉంటాయా?" అంది భార్య.

"ఒత్తిడి దించితే... చుక్కల మందు వేసిన బ్యాచ్‌లో చాలా మటుకు ఉన్నాయి."

"ఆ చుక్కలు వెయ్యనని ఎలక ఎప్పుడైనా మారాం చేసిందా?"

"నా దగ్గర చెయ్యదు."

"రేపు పదింటికి," అంది భార్య. "కాలరు నేను విప్పుతా. ఊపిరి సంగతి చెల్లెలు చూసుకుంటుంది. ఇంకేం షరతులున్నాయో ఇప్పుడే చెప్పండి."

బాబాయి చాలాసేపు ఆలోచించాడు.

"తువ్వాలు ఉతికింది కావాలి," అన్నాడు.

మర్నాడు పది గంటలకి పక్క భవనంలోని కంటి ఆసుపత్రిలో, క్యాంటీన్‌లో గొడవపడిన నర్సే ఉంది. లోపలికి నలుగురు వచ్చారు. ఒకావిడ చేతిలో తువ్వాలు, యూనిఫారంలో ఒక కండక్టరు, రిజిస్టరు చంకలో పెట్టుకుని ఐదో ఏడు, వెనకాల బాబాయి.

"పేషంటు ఒక్కరే ఉండాలి," అంది నర్సు.

"పట్టుకునేవాళ్ళు లేకుండా మేం కొలవం," అంది ఐదో ఏడు.

భార్య ఆయన కాలరు విప్పి, భుజాల చుట్టూ తువ్వాలు వదులుగా చుట్టింది. ఆరు వారాల జుట్టు నుదుటి మీద పడుతుంటే వెనక్కి నెట్టింది. చూపుడువేలు గడ్డం కింద పెట్టింది, మెడ జోలికి పోకుండా. తర్వాత నర్సు కళ్ళెదుటే, సిగ్గు లేకుండా, కుట్టుమిషను చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది. డగడగడగ మొదలై, అంచు మలుపు దగ్గర నెమ్మదించి, మళ్ళీ అందుకుంది. మరదలు పక్కన నిలబడి, "వదులు. పీల్చు. వదులు. రైట్ రైట్," అంది. గుమ్మంలోకి వచ్చిన డాక్టరుగారు అక్కడే ఆగిపోయారు.

నర్సు ఎడమ కంటికి పెన్ను తాకించింది. ముప్పై. కాసేపాగి మళ్ళీ. ముప్పై ఒకటి. మళ్ళీ. ముప్పై.

"కదిలానా?" అన్నాడు బాబాయి, కళ్ళు సగం మూతలు పడుతూ ఉండగా.

"రాయి ఇంతకన్నా కదుల్తుంది బావా."

ఐదో ఏడు రిజిస్టరు చివరి పేజీ తెరిచింది. అలవాటు కొద్దీ ఆమె చేతిలో ఎర్ర పెన్నే ఉంది. బాబాయి ఆ పెన్ను వంక చూశాడు. తర్వాత గోడ మీది గడియారం వంక చూశాడు. పది దాటి ఏడు నిమిషాలు. విప్పిన కాలరుని ఒకసారి తడుముకున్నాడు.

"నీలం పెన్నుతో రాయి," అన్నాడు.

డాక్టరుగారు తర్వాత గంటన్నర పాటు రకరకాల దీపాలు చూపించారు. ఎడమ కంటికి ఎడమ పక్క చూపు పోయింది, తిరిగి రాదు. కుడి కన్ను ఇంకా దాదాపు బాగానే ఉంది. దాన్ని కాపాడుకోవాలి. రెండు కళ్ళలోనూ రోజూ రాత్రి భోజనానికి ముందు చుక్కలు వేసుకోవాలి. నెలకోసారి కొలిపించుకోవాలి. చుక్కలు వేసుకోవడం ఎలాగో చూపించబోతే బాబాయి సీసా అందుకుని, కింది రెప్ప లాగి, తనే వేసుకుని, కంటి లోపలి మూల వేలితో నొక్కి పట్టుకున్నాడు.

"ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగారు డాక్టరుగారు.

"రెండు వేల మందికి వేశాను," అన్నాడు బాబాయి.

మధ్యాహ్నం ఎలుకల గదికి తిరిగొచ్చాడు. బల్ల ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత మోకాళ్ళ మీద వంగి పొట్టి కాలు కింది నుంచి ఎనిమిది మడతల కాగితం లాగి, ఐదో ఏడు చేతికిచ్చాడు. ఆమె విప్పి చదివింది. చదివి, రిజిస్టరు చివరి పేజీలో పెట్టింది. సంగతి అప్పటికే మూడో అంతస్తు దాకా పాకినట్టుంది. ఆ ప్రయోగాలన్నీ నడిపే, ఎప్పుడూ కిందికి దిగని పెద్ద మేడమ్ దిగి వచ్చారు. చూపు సంగతి ఎలా అడగాలో తెలియక బల్ల మీద చెయ్యి వేశారు. బల్ల ఒక పక్కకి ఒరిగింది.

"ఇదెందుకు ఊగుతోంది బాబాయ్?"

"దీన్ని ఇక్కణ్ణించి తీసి ఎడమ గోడకి ఆనించి వేస్తున్నాను మేడమ్," అన్నాడు బాబాయి. "ఇక నుంచి ఆ పక్క గోడ చూసుకుంటుంది."